నునుపు గోడల ఇంట్లో చేనేత, చెక్క, ఇత్తడి

ఈమధ్య కట్టిన ఏ అపార్ట్‌మెంట్ తలుపు తీసినా లోపల కనిపించేది ఇంచుమించు ఒకటే. నేలంతా తళతళలాడే విట్రిఫైడ్ టైల్స్, పుట్టీ పెట్టి నున్నగా రుద్దిన తెల్లటి గోడలు, పైన జిప్సం సీలింగు, వంటింట్లో వేలు తగిలితే మరక పడే లామినేట్ అరలు. తుడుచుకోవడం తేలిక, వెలుతురుకూ కొదవ లేదు. అయినా గృహప్రవేశం హడావుడి తగ్గి, వచ్చిన చుట్టాలు వెళ్లిపోయాక చాలా ఇళ్లలో ఏదో వెలితి మిగిలిపోతుంది. లక్షలు పోసి కొన్న సోఫా, దానికి తగ్గ కర్టెన్లు, గోడకు పెద్ద టీవీ, అన్నీ అమిరి ఉంటాయి. ఇల్లు మాత్రం ఇంకా బిల్డర్ చూపించిన మోడల్ ఫ్లాట్‌లానే ఉంటుంది.

ఆ వెలితి తీరాలని మరిన్ని వస్తువులు కొంటూ పోయేవాళ్లే ఎక్కువ. లోపం వస్తువుల సంఖ్యలో లేదు. ఆ గదిలో చెయ్యి వేసిన ప్రతిచోటా ఒకే నునుపు తగులుతుంది. నున్నటి దాని మీద పడిన వెలుతురు మెరిసి తిరిగొస్తుంది. గరుకుగా ఉన్నదాని మీద పడితే ఆ ఎత్తుపల్లాల్లో చిక్కుకుని సన్నటి నీడలు పరుస్తుంది. కంటికి గదిలో లోతు కనిపించేది ఆ నీడల వల్లే. చెవికీ అంతే. టైల్సు, గాజు, గట్టి గోడలు శబ్దాన్ని వెనక్కి కొడతాయి కాబట్టి సామాను చేరని ఫ్లాట్‌లో మాట మార్మోగుతుంది. మందమైన బట్ట, దారపు నేత ఉన్నచోట కొంత శబ్దం వాటిలోనే ఇంకిపోతుంది. కింద ఒక జంపఖానా పరిచి, కిటికీలకు బరువైన నూలు తెరలు కట్టాక అదే గదిలో మాట మార్మోగడం తగ్గుతుంది.

పాత ఇళ్లలో ఈ సంగతి ఎవరూ విడిగా ఆలోచించి చేయలేదు. కాలి కింద తాండూరు బండలో, కడప బండలో ఉండేవి. కూర్చోవడానికి చాప, పడుకోవడానికి నులక మంచమో నవారు మంచమో. గోడకు సున్నం. ఒక్కొక్కటి ఒక్కో స్పర్శ. ఆ ఇళ్లను తిరిగి కట్టుకోనక్కర్లేదు గానీ, అక్కడ సహజంగా అమరినదాన్ని ఈ నున్నటి గదుల్లోకి కోరి తెచ్చుకోవాలి. అలా తెచ్చుకోదగినవి మన చుట్టుపక్కలే తయారవుతున్నాయి.

నేల నుంచి మొదలుపెడితే వరంగల్ జంపఖానాలు ఉన్నాయి. కొత్తవాడ మగ్గాల మీద నేసే ఈ నూలు తివాచీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కుచ్చు తివాచీలో దుమ్ము చేరితే వదిలించడం కష్టం, మన ఉక్కపోతకు అది వేడి కూడా. జంపఖానాకు కుచ్చు ఉండదు. పడుగు మీద పేకను గట్టిగా దిగ్గొట్టి నేసిన మందమైన బట్ట అది. దులపొచ్చు, ఎండలో ఆరేయొచ్చు, చాలావాటిని తిరగేసి కూడా పరుచుకోవచ్చు. విట్రిఫైడ్ టైల్సు మీద జారకుండా కింద రబ్బరు వల ఒకటి వేసుకుంటే చాలు. సోఫా ముందు చిన్న ముక్క పరిచి, నాలుగు పక్కలా బోసిగా నేల వదిలేయడం తరచూ కనిపించే తప్పు. సోఫా ముందు కాళ్లయినా దాని మీదికి వచ్చేంత పెద్దది తీసుకుంటేనే కుర్చీలూ బల్లా ఒకచోట కూడినట్టు ఉంటాయి.

ఇక వెలుతురు. ఎంత మంచి నేత తెచ్చినా సీలింగు నడుమ ఒకే ఒక్క తెల్లటి ఎల్‌ఈడీ వెలుగుతుంటే ఆ గరుకంతా చదునైపోతుంది. వెలుతురు పక్క నుంచి, తక్కువ ఎత్తు నుంచి పడాలి. ఇందుకు నిమ్మలకుంట తోలు దీపాలను మించినవి లేవు. శ్రీసత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి ఈ ఊళ్లో తోలుబొమ్మలాట కుటుంబాలు తరతరాలుగా మేకతోలు మీద రాముణ్ని, హనుమంతుణ్ని, రావణుణ్ని గీస్తున్నాయి. ఆట చూసేవాళ్లు తగ్గాక అదే చేతిపనిని దీపపు గుమ్మటాల మీదికి తెచ్చుకున్నారు. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ దక్కింది.

ఆ దీపాన్ని దగ్గర నుంచి చూడాలి. పగటిపూట అది గోధుమ రంగు తోలు మీద వేసిన బొమ్మ, అంతే. లోపల బల్బు వెలగగానే తోలు ఒళ్లంతా వెలుతురు పాకుతుంది. ఎరుపు కుంకుమలా విచ్చుకుంటుంది, ఆకుపచ్చ పలచబడుతుంది, తోలులో అక్కడక్కడా ఉన్న సన్నటి నరాల గీతలు బయటపడతాయి. బొమ్మ మెడలోని హారాలు, నడుముకున్న ఒడ్డాణం రంగుతో వేసినవి కావు. ఉలితో ఒక్కొక్క చుక్కా కొట్టి తీసిన రంధ్రాలు. వాటిలోంచి వచ్చిన వెలుతురు వెనక గోడ మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. తోలుబొమ్మలాటలో తెర వెనక నూనె దీపం చేసిన పనే ఇది. పసుపు ఛాయ ఉన్న చిన్న ఎల్‌ఈడీ బల్బు వాడితే వేడికి తోలు ముడుచుకోదు. వాన నీరు, బాత్రూము తేమ దీనికి పడవు.

పైసా ఖర్చులేని స్పర్శ కూడా ఒకటుంది. పాత నేత చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, అంచుల నుంచి లోపలికి వరస కుట్టు వేసుకుంటూ పోతే బొంత అవుతుంది. ఉత్తర కర్ణాటకలోని సిద్దీ మహిళలు పాత బట్టల ముక్కలతో కుట్టే కవందీలు ఇప్పుడు చిత్రప్రదర్శనలకు వెళ్తున్నాయి. అమ్మమ్మ కుట్టిన బొంత మాత్రం మన ఇళ్లలో మంచం కింద మూటలో పడి ఉంటుంది. దాన్ని ఉతికి, మడిచి, సోఫా వీపు మీద వేసి చూడాలి. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుకు ఉండే ఆ ఒద్దిక కొత్త బట్టలో ఏ ధరకూ దొరకదు.

స్పర్శ తర్వాత నమూనా. పువ్వులు, గళ్లు, తీగలు అనగానే జంకేవాళ్లు చాలామంది. అన్నీ లేత బూడిద రంగులో ఉంటే తప్పు జరగదన్న ధీమా వాళ్లది. నమూనాల విషయంలో తెలుగువాళ్లు జంకడం ఆశ్చర్యమే. ఒకప్పుడు యూరప్ ఇళ్లకు పూల నమూనాల రుచి చూపింది మన కోరమండల్ తీరం. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో మచిలీపట్నంలో స్థావరం పెట్టుకున్నది ప్రధానంగా బట్ట కోసమే. ఉతికినా వెలవని ఎరుపు, నీలం అద్దిన నూలు బట్ట యూరప్‌వాళ్లు అంతకుముందు ఎరగరు. మంచం దుప్పట్లుగా, తెరలుగా, గోడకు కట్టే వస్త్రాలుగా అది ఎంత పాకిందంటే, తమ నేతగాళ్ల బతుకుదెరువు పోతోందని ఫ్రాన్స్ 1686లో దాన్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతి ఆపుతూ చట్టం చేసింది. అదీ చాలక 1721లో అద్దకపు నూలు బట్టను ఒంటి మీదే కాదు, మంచానికి, కుర్చీకి, దిండుకు, కిటికీ తెరకు కూడా వాడకూడదని మరో చట్టం తెచ్చింది. కొమ్మలు చాచి, ఒకే చెట్టుకు రకరకాల పూలు పూసిన కల్పవృక్షం నమూనా దుప్పట్లు ఇప్పటికీ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

ఆ పని ఇప్పుడు మచిలీపట్నం పక్కనున్న పెడనలో సాగుతోంది. కోరా బట్టను ఉతికి, కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలల్లోని జిడ్డు వల్ల రంగు పక్కకు పాకదు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లు కరక్కాయ పట్టిన బట్టకు తగలగానే నల్లగా మారతాయి. టేకు అచ్చుతో ఆ నలుపు గీతలు అద్దుతారు. ఎరుపు రావలసినచోట పటిక అద్దుతారు. అప్పటికి అక్కడ ఎరుపు ఇంకా పుట్టదు. తర్వాత రాగి కాగులో వేళ్ల నుంచి తీసిన రంగు వేసి బట్టను మరిగిస్తే, పటిక పడినచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. కాలువ నీళ్లలో జాడించడం, ఎండకు పరచడం ఆపైన. శ్రీకాళహస్తిలో అచ్చులుండవు. వెదురు కలానికి గుడ్డ చుట్టి చేత్తోనే గీస్తారు. అందుకే పెడన బట్ట తెరలకు, దిండు గలీబులకు నప్పుతుంది, శ్రీకాళహస్తి వస్త్రం గోడకు ఒక్కటే, పెద్దదిగా బాగుంటుంది.

కొనేటప్పుడు బట్టను తిరగేసి చూడాలి. అచ్చు అద్దకంలో రంగు వెనక్కి దిగుతుంది, ఒక అచ్చు మరో అచ్చును కలిసేచోట వెంట్రుకవాసి తేడా కనిపిస్తుంది. స్క్రీన్ ప్రింట్‌లో ప్రతి పువ్వూ ఒకేలా, వెనకవైపు వెలవెలబోతూ ఉంటుంది. పోచంపల్లికీ ఇదే పరీక్ష. అక్కడ నేయకముందే నూలును కట్టలు కట్టి రంగులో ముంచుతారు కనుక నమూనా రెండు వైపులా సమానంగా ఉంటుంది, అంచులు కాస్త కలిసిపోయినట్టు చెదిరి ఉంటాయి. ఆ చెదురే దాని అందం. పుట్టపాకలో నేసే తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూనె పట్టించిన నూలుతో ఎరుపు, నలుపు, తెలుపుల్లో నేసే ఆ చతురస్రపు వస్త్రం ఒక్కటి పటం కట్టిస్తే గదికి మరే బొమ్మా అక్కర్లేదు.

ఇన్ని నమూనాలను ఒకే గదిలో ఎలా కలపాలి? వాకిట్లో ముగ్గు వేసేవాళ్లకు ఈ కిటుకు కొత్తగా చెప్పక్కర్లేదు. ముగ్గు ఎంత చిక్కుదైనా చుట్టూ అలికిన నేల ఖాళీగా ఉంటేనే తేలుతుంది. గదిలోనూ ఒక పెద్ద నమూనా, ఒక మధ్యరకం, ఒక చిన్నది తీసుకుని మిగతాదంతా సాదాగా వదిలేయాలి. తెరలకు పెద్ద కలంకారీ తీగలు అనుకుంటే, దిండ్లకు పోచంపల్లి గళ్లు, బల్ల మీద మంగళగిరి సన్నంచు బట్ట. మూడింటిలోనూ ఒక రంగు ఉమ్మడిగా ఉంటే, మట్టెరుపో నీలిమందు నీలమో, అవి వాటంతటవే కలిసిపోతాయి. రెండు పెద్ద నమూనాలు పక్కపక్కన పెడితే మాత్రం కంటికి ఊపిరాడదు.

కొత్తగా కట్టుకుంటున్నవాళ్లకు నేలలోనే నమూనా పొదిగే అవకాశం ఉంది. తమిళనాడు చెట్టినాడులోని ఆత్తంగుడి టైల్సు అలాంటివి. గాజు పలక మీద గళ్ల అచ్చు ఉంచి, ఒక్కో గడిలో ఒక్కో రంగు సిమెంటు చేత్తో పోసి, అచ్చు లేపేసి, పైన పొడి మిశ్రమం, తర్వాత తడి మిశ్రమం వేస్తారు. నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాక గాజు పలక ఊడి వస్తుంది, గాజుకు ఆనుకున్న ముఖానికి ఆ నునుపు అంటుకుంటుంది. పాలిష్ యంత్రం అవసరం లేదు, నడిచేకొద్దీ మెరుపు పెరుగుతుంది. బొంబాయిలో 1922 నుంచి సిమెంటు టైల్సు చేస్తున్న భరత్ ఫ్లోరింగ్స్ కూడా పాత నమూనాలు ఇప్పటికీ పోస్తోంది. ఇల్లంతా వేయలేకపోతే పూజగదికో బాల్కనీకో పరిచినా చాలు.

అన్నిటికంటే ఎక్కువ మంది ఇష్టపడేది పాత సామానునే, ఎక్కువ మంది తికమకపడేదీ దాని విషయంలోనే. స్టీలు వచ్చిన కొత్తలో వీధిలోకి వచ్చినవాళ్లకు ఇత్తడి బిందెలు, గంగాళాలు, కంచు గిన్నెలు తూకానికి ఇచ్చేసి స్టీలు గిన్నెలు తీసుకున్న ఇళ్లు లెక్కలేనన్ని. ఆ ఇత్తడి చాలావరకు కరిగిపోయింది. మిగిలిందేదైనా ఉంటే ఊళ్లో ఇంటి అటక మీద ఉంటుంది. కాబట్టి బజారుకు వెళ్లే ముందు అటక ఎక్కాలి. ఎవరిదో తెలియని పాత వస్తువుకు పదివేలు పోయడం కన్నా, తాతగారి పడక్కుర్చీకి చిరిగిన గుడ్డ తీసి గట్టి జంపఖానా బట్ట కట్టించుకోవడం ఎన్నో రెట్లు మేలు. అందులో ఇంటి చరిత్ర ఉంది, పైగా అది కూర్చోవడానికి పనికొస్తుంది.

పనికి రావడం ముఖ్యం. హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియంలో అపురూపమైన సామాను గదులకు గదులు నిండి ఉంటుంది. అది చూడటానికి. ఇల్లు మెలగడానికి. భోషాణంలో దుప్పట్లు దాచుకుని, మూత మీద పరుపు వేస్తే హాల్లో కూర్చునే బల్ల అవుతుంది. గంగాళంలో నీళ్లు పోసి కలువ వేయొచ్చు. పోపుల పెట్టెలో బొట్టుబిళ్లలు, దారపు ఉండలు ఇముడుతాయి. చిన్నవి చాలా ఉంటే ఇల్లంతా చల్లకుండా ఒకే అరలో చేర్చాలి. బొమ్మల కొలువు పెట్టే తల్లులు పెద్దవి వెనక, చిన్నవి ముందు, నడుమ కాస్త జాగా వదిలి సర్దుతారే, సరిగ్గా అలా. ఆ వరసలో కొండపల్లి బొమ్మలకు, ఏటికొప్పాక లక్క భరిణెలకు, చేర్యాల ముఖాలకు చోటివ్వొచ్చు. అంకుడు కర్రతో చేసే ఏటికొప్పాక బొమ్మలకు సహజ రంగులు తిరిగి తెచ్చిన సి.వి.రాజు 2023లో పద్మశ్రీ అందుకున్నారు.

అటకలో ఏమీ లేనివాళ్లకు బజార్లు ఉన్నాయి. హైదరాబాద్ పురానాపూల్ దగ్గర గురువారాల్లో జరిగే జుమ్మేరాత్ బజార్, ముంబయి చోర్ బజార్‌లోని మటన్ స్ట్రీట్, కారైక్కుడిలో మునీశ్వరన్ కోవిల్ వీధి దేశమంతా ఎరిగినవే. కారైక్కుడిలో ఇంత సరుకు ఉండటానికి వెనక ఒక విషాదముంది. బర్మాలో వ్యాపారాలు చేసిన ఇక్కడి చెట్టియార్లు రెండో ప్రపంచయుద్ధంతో, ఆ తర్వాతి పరిణామాలతో అక్కడి ఆస్తులు పోగొట్టుకున్నారు. బర్మా టేకు స్తంభాలతో కట్టిన మహాభవనాలను నిలబెట్టుకోలేక కొన్ని కుటుంబాలు వాటిని ముక్కలుగా అమ్ముకున్నాయి. ఆ తలుపులే దుకాణాల్లోకి వచ్చాయి. ఒక ద్వారబంధం కొనేముందు అది నిలిచి ఉన్న ఇంటిని పడగొట్టి తెచ్చిందా, ఎప్పుడో పడిపోయిన ఇంటిదా అని అడగడం కొనేవాళ్ల బాధ్యత. అంగట్లో దొంగ సరుకు భయమూ ఉంటుంది కనుక బిల్లు అడిగి తీసుకోవాలి.

పాతదని చెప్పే ప్రతిదీ పాతది కాదు. ఇత్తడికి అయస్కాంతం అంటుకుంటే లోపల ఇనుము ఉన్నట్టే. యాసిడ్ పూసి నల్లబరిచిన కొత్త వస్తువులో నలుపు అంతటా ఒకే తీరుగా ఉంటుంది. నిజంగా వాడిన చెంబు పట్టుకునేచోట అరిగి మెరుస్తుంది, చెక్కడపు సందుల్లోనే నలుపు మిగులుతుంది. చెక్క సామానైతే అడుగు, వెనక, సొరుగు లోపల చూడాలి. మేకులు లేకుండా చెక్కలో చెక్క దూర్చి బిగించిన అతుకులు మంచి గుర్తు. సన్నటి రంధ్రాలుంటే తట్టి చూడాలి. తాజా పొడి రాలితే పురుగు ఇంకా బతికే ఉంది. దాన్ని ఇంట్లోకి తెస్తే మిగతా చెక్కకూ పట్టే ప్రమాదం ఉంది.

ఇంటికి తెచ్చాక ముందే గీకి, రుద్ది, కొత్తదానిలా చేయాలన్న ఉత్సాహం ఆపుకోవాలి. వంటకు వాడే ఇత్తడికి కళాయి పూయించి తీరాలి, లేకపోతే చింతపండు, పెరుగు తగిలి కిలుస్తుంది. అలంకారానికి ఉంచేదాన్ని మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. బీదరీ పాత్రలకు చింతపండు తగలకూడదు. నవాసారం కలిపిన బీదర్ కోట మట్టితో తెప్పించిన ఆ నలుపు పోతే వెండి పొదుగుడు తేలదు. పాత రంగు ఉన్న కుర్చీని, తలుపును ఇంట్లో గరుకు కాగితంతో రుద్దడం పిల్లలున్న ఇంట్లో మరీ ప్రమాదం. ఇళ్ల రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసిన నిబంధన మన దేశంలో 2017 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఎంతైనా ఉండొచ్చు, ఆ పొడి పీలిస్తే పిల్లల మెదడుకు హాని. అనుభవమున్న పనివాళ్ల చేత, ఇంటి బయట, తడిపి తీయించాలి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. నూరేళ్లు దాటిన విగ్రహాలు, చిత్రాలు, కళాఖండాలు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. రాతప్రతులకైతే 75 ఏళ్లు. వాటిని అమ్మేవాళ్లకు లైసెన్సు ఉండాలి, విగ్రహాలు, చిత్రాలవంటి కొన్ని రకాలను ఉంచుకున్నవాళ్లు పురావస్తు శాఖ దగ్గర నమోదు చేయించుకోవాలి. ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. అమెరికాలోని పిల్లల ఇంటికి తాతల నాటి పంచలోహ విగ్రహాన్ని సూట్‌కేసులో పెట్టి పంపాలనుకునే కుటుంబాలు ముందుగా పురావస్తు శాఖ నిపుణులకు చూపించి, అది పురావస్తువు కాదన్న పత్రం తీసుకోవాలి.